చెరువు కలువను ఇంటి తొట్టిలో పెంచడం: దుంప తెచ్చే ముందు నుంచి పువ్వు విచ్చే దాకా

మా డాబా మీద తెల్ల కలువ పూసిందని తెలిసినప్పటి నుంచి అడిగేవాళ్లు తగ్గడం లేదు. దుంప ఎక్కడ దొరుకుతుంది, ఏ మట్టి వెయ్యాలి, నీళ్లు వారానికి ఎన్నిసార్లు మార్చాలి, మేం తెచ్చింది ఎందుకు కుళ్లిపోయింది... ఇవే ప్రశ్నలు. అడిగేవాళ్లలో సగం మంది ఇప్పటికే ఒక దుంపను చంపేసుకున్నవాళ్లే. నేనూ మూడింటిని చంపాకే నేర్చుకున్నాను. ఆ మూడూ పట్టించుకోక పోలేదు, అతిగా పట్టించుకుంటే పోయాయి: వర్మీకంపోస్టు వేశాను, వారం వారం నీళ్లు మార్చాను, వేర్లు పట్టాయా లేదా అని పైకి తీసి చూశాను.

ఇది నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఎండ, నీళ్లు, వానల లెక్కతో రాసింది. నర్సరీల్లో దొరికే రంగురంగుల హైబ్రిడ్ల గురించి కాదు, మన చెరువుల్లో దానంతట అది పెరిగే కలువ గురించి.

## 1. ముందు అది కలువో కాదో చూసుకోండి

చాలామంది తామర దుంప తెచ్చి కలువ అనుకుంటారు. రెండింటి పెంపకం ఒకటి కాదు కాబట్టి ఇక్కడే తేల్చుకోవాలి.

- తామర: ఆకు గుండ్రంగా, చీలిక లేకుండా ఉంటుంది. ముదిరిన ఆకులు గొడుగులా నీటి పైకి లేస్తాయి. నీటి బొట్టు పడితే నిలవదు, దొర్లిపోతుంది.
- తెల్ల కలువ (నింఫియా ప్యూబెసెన్స్): ఆకు నీటి మీద పడుకుని ఉంటుంది, కాడ దగ్గర నుంచి అంచు దాకా ఒక చీలిక. అంచు రంపం పళ్లలా ఉంటుంది. ఆకు తిరగేసి అడుగున వేలితో రాస్తే సన్నని నూగు తగులుతుంది. పువ్వు చీకటి పడ్డాక విచ్చి, మర్నాడు పొద్దెక్కాక ముడుచుకుంటుంది.
- నీలి కలువ (నింఫియా నౌచాలి): ఆకు, పువ్వు రెండూ కాస్త చిన్నవి. ఆకు అడుగున నూగు ఉండదు. పువ్వు పగలు విచ్చుతుంది.
- కలువలా కనిపించే ఇంకొకటి: రూపాయి బిళ్లంత తెల్ల పువ్వు, రేకుల మీద నూలుపోగుల్లాంటి వెంట్రుకలు. ఆకు చూస్తే చిన్న కలువాకే అనిపిస్తుంది. ఇది వేరే మొక్క, దీన్ని తెచ్చి కలువ పూలకోసం ఎదురుచూడకండి.

సూళ్లూరుపేట దాటి తమిళం కలిసే వైపు కలువను అల్లి అంటారు. అడిగేటప్పుడు రెండు పేర్లూ చెప్పండి.

ఉద్యోగాలకు పోయేవాళ్లకు నా సలహా తెల్ల కలువే. సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, టీ తాగి డాబా ఎక్కేసరికి విచ్చుకోవడం మొదలవుతుంది. నీలి కలువ పెడితే ఆదివారం తప్ప పువ్వు కనిపించదు, మిగతా రోజులు కాకులకే ఆ భాగ్యం.

## 2. ఎప్పుడు మొదలుపెట్టాలి

మనకు చెరువులు నిండేది ఎక్కువగా ఈశాన్య రుతుపవనాల వానలకి, అక్టోబరు నుంచి డిసెంబరు లోపు. ఆ నీళ్లు పైరుకు వదిలేకొద్దీ ఫిబ్రవరి, మార్చి నెలలకు చెరువు అంచుల్లో మోకాటి లోతు మిగులుతుంది. దుంప తేవడానికి అదే సరైన సమయం. నీళ్లు తక్కువ కాబట్టి దిగడం తేలిక, చలి పోయింది కాబట్టి మొక్క వెంటనే అందుకుంటుంది, రోహిణి కార్తె వచ్చేలోపు వేరు పట్టడానికి రెండు నెలలకు పైగా టైం ఉంటుంది.

నవంబరులో నిండు చెరువులోకి దిగి తెద్దామనుకునేవాళ్లు ఆ ఆలోచన మానుకోండి. మొక్క సంగతి తర్వాత, ముందు మనిషి బయటికి రావాలి కదా. మేలో ఎండిన చెరువులో తవ్వితే కూడా దుంపలు దొరుకుతాయి. కానీ అప్పుడు ఏది బతికుందో ఏది పోయిందో చూసి పోల్చుకోవడం కొత్తవాళ్లకు కష్టం.

## 3. తొట్టి సిద్ధం కాకుండా చెరువుకు పోవద్దు

అందరూ ఈ వరస తలకిందులు చేస్తారు. దుంప తెచ్చేసి, బకెట్లో పడేసి, తొట్టి కోసం నాలుగు రోజులు తిరుగుతారు. ఈలోపు బకెట్ నీళ్లు వేడెక్కి దుంప వాసనొస్తుంది.

తొట్టి సైజు. మూడడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉంటే ఒక తెల్ల కలువకు హాయిగా సరిపోతుంది. తెల్ల కలువ ఆకులు పళ్లెమంత పెరుగుతాయి. రెండడుగుల టబ్బులో బతుకుతుంది గానీ ఇరుక్కుని, పూలు తగ్గించేస్తుంది. నీలి కలువకు రెండడుగులు చాలు.

బరువు. ఆ మూడడుగుల తొట్టి నిండా నీళ్లు పోస్తే దాదాపు 300 లీటర్లు, అంటే 300 కిలోలు. తొట్టి బరువు, మట్టి బరువు వేరే. డాబా మధ్యలో పెట్టకండి. కింద గోడ గానీ దూలం గానీ వచ్చే చోట పెట్టండి. పాత ఇల్లయితే మేస్త్రీకి చూపించి పెట్టండి, లేదా నేల మీదే పెట్టుకోండి.

సిమెంటు తొట్టి (మావైపు గాబు కూడా అంటారు). కొత్త సిమెంటు నుంచి సున్నం దిగుతుంది, అది వేర్లకూ చేపలకూ పడదు. నిండా నీళ్లు పోసి నాలుగైదు రోజులు ఉంచి పారబోయండి. ఇలా నాలుగుసార్లు చెయ్యండి, అంటే దాదాపు మూడు వారాలు. కొంటున్నది పాత గాబు అయితే ఈ గొడవ లేదు, కాకపోతే అందులో ఇంతకుముందు ఏం కలిపారో అడగండి. పురుగు మందు కలిపిన గాబు ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

ప్లాస్టిక్ టబ్బు. నల్లది తీసుకుంటే మే నెలలో నీళ్లు వేడెక్కిపోతాయి. తప్పకపోతే బయటివైపు సున్నం పూయండి, లేదా తడిపిన గోనెసంచి చుట్టండి.

ఎండ. రోజుకు కనీసం 5, 6 గంటల నేరు ఎండ కావాలి. మొక్క నీడలో చావదు, ఆకులు వేసుకుంటూ కూర్చుంటుంది, పూయదు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా ఎండ, ఆ తర్వాత గోడ నీడ పడే చోటు దొరికితే మనూళ్లలో అంతకంటే మంచిది లేదు.

పొర్లుదారి. అంచు కింద రెండంగుళాల దగ్గర చిన్న రంధ్రం పెట్టించి, దానికి దోమతెర ముక్క కట్టండి. తుఫాను వానకు తొట్టి పొంగినప్పుడు చేపలు డ్రైనేజీ గొట్టంలోకి పోకుండా ఇదే కాపాడుతుంది.

## 4. నీళ్లు: మనవైపు అసలు చిక్కు ఇక్కడే

కలువ మంచినీటి మొక్క. పులికాట్ లాంటి ఉప్పునీళ్లలో పెరగదు. మనలో చాలామంది ఇంటి బోరు నీళ్లు కొంతయినా ఉప్పగానే ఉంటాయి. అల్లూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు, కొత్తపట్నం లాంటి తీరం ఊళ్ల వాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. రొయ్యల గుంటల పక్క కాలవ నీళ్లు చూడటానికి శుభ్రంగా ఉన్నా తెచ్చి పోయకండి.

ఇంటికి ఆర్వో సర్వీసు చేయడానికి వచ్చే అబ్బాయి దగ్గర టీడీఎస్ మీటరుంటుంది, నీళ్లలో కరిగిన ఉప్పులెన్నో అది చెబుతుంది. ఒకసారి మీ బోరు నీళ్లు చూపించుకోండి. 500 లోపు ఉంటే టెన్షన్ లేదు. నేనైతే 800 దాటిన నీళ్లు కలువకు పోయను.

అన్నిటికంటే పెద్ద పొరపాటు ఆర్వో నుంచి బయటికొచ్చే వృథా నీళ్లు పోయడం. పాపం వృథాగా పోతున్నాయని బకెట్లో పట్టి మొక్కలకు పోస్తుంటారు. ఆర్వో మనకు తాగే నీళ్లిచ్చి, వాటిలోని ఉప్పునంతా ఆ వృథా నీళ్లలోకి నెడుతుంది. అంటే బోరు కంటే ఉప్పగా ఉన్న నీళ్లను కోరి పోస్తున్నట్టు. అవి బాత్‌రూం కడగడానికి వాడుకోండి.

ఇంకొకటుంది, దీన్ని నేను ఒక ఎండాకాలం పోగొట్టుకుని తెలుసుకున్నాను. ఎండకు నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు ఆవిరవదు. మేలో తొట్టిలో రోజుకు వేలి మందం తగ్గుతుంది, మనం మళ్లీ బోరు నీళ్లతో నింపుతాం, మళ్లీ తగ్గుతుంది. రెండు నెలలు ఇలా నింపాక మా తొట్టి లోపలి అంచు చుట్టూ తెల్లటి గీత కట్టింది, గోరుతో గీకితే పొడి రాలింది. ఆకుల అంచులు మాత్రం కాగితం కాల్చినట్టు గోధుమ రంగుకు తిరిగాయి. తెగులనుకుని వేప నూనె కొట్టాను, రెండు చేపలు పోయాయి. చివరికి మీటరు పెట్టి చూస్తే, బోరు నీళ్లలో చూపించిన దానికి రెండింతల పైనే ఉంది.

ఇప్పుడు నేను చేసేది:

- వాన నీళ్లు డాబా గొట్టం నుంచి డ్రమ్ములో పట్టి, మూత గట్టిగా పెట్టి, ఎండాకాలానికి దాచుకుంటాను.
- మున్సిపాలిటీ నీళ్లయితే ఒక రాత్రి బకెట్లో తెరిచి ఉంచి క్లోరిన్ పోయాక పోస్తాను.
- బోరు నీళ్లే గతి అయితే ఏప్రిల్, మే, జూన్ నెలల్లో నెలకోసారి పావు వంతు నీళ్లు తోడేసి కొత్తవి కలుపుతాను.

ఇవి తప్ప నీళ్లు మార్చకండి. తగ్గినంత నింపండి, అంతే. తొట్టి నీళ్లు మొదటి రెండు వారాలు మురికిగా, ఆ తర్వాత పచ్చగా, ఆ తర్వాత దానంతట అదే తేటగా అవుతాయి. పచ్చగా ఉన్నప్పుడు విసుగొచ్చి మొత్తం పారబోస్తే మళ్లీ మొదటికొస్తుంది.

## 5. మట్టి: బలం కాదు, బరువు చూడండి

చెరువు పూడిక మట్టి దొరికితే ఇంకేమీ అక్కర్లేదు. దొరక్కపోతే పొలం బంకమట్టి. నల్లరేగడి అయితే మూడు పాళ్లకు ఒక పాలు ఇసుక కలపండి. ఇసుక పెన్న ఇసుకో, వాగు ఇసుకో కావాలి, సముద్రం ఇసుక వద్దు.

వెయ్యకూడనివి:

- కొబ్బరి పొట్టు: తేలిపోతుంది.
- వర్మీకంపోస్టు, మాగని పెంట: నీళ్లలో కుళ్లి, మట్టి నల్లబడి, మురుగు వాసన వచ్చి, దుంపను కూడా తీసుకుపోతుంది.
- నర్సరీలో అమ్మే పాటింగ్ మిక్స్: పైవి రెండూ అందులో ఉంటాయి.

మట్టిని తొట్టిలో నేరుగా వెయ్యకుండా, 14 నుంచి 16 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల లోతు ఉన్న ప్లాస్టిక్ బేసిన్లో వేసి, ఆ బేసిన్ను తొట్టిలో దించండి. అడుగున రంధ్రాలు అక్కర్లేదు. మళ్లీ దుంపలు విడదీసేటప్పుడు బేసిన్ ఒక్కటీ పైకి తీస్తే సరిపోతుంది. తొట్టిలోనే మట్టి పోసుకున్నవాళ్లు రెండేళ్ల తర్వాత మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతుక్కుంటారు.

## 6. ఎక్కడ తీసుకోవాలి, ఎవరిని అడగాలి

రోడ్డు పక్క గుంటలు, ఊరి కుంటలు, పొలాల మధ్య మడుగులు చాలు. పెద్ద చెరువైతే చేపల పాట పాడుకున్నవాళ్లుంటారు, వల కట్టి ఉంటుంది. అడక్కుండా దిగితే మీరు దుంపకోసం వచ్చారంటే ఎవరూ నమ్మరు. పంచాయతీలోనో, చేపలవాళ్లనో ఒక మాట అడగండి. నేలపట్టు లాంటి పక్షుల సంరక్షణ కేంద్రంలో ఆకు కూడా ముట్టుకోవద్దు, అది చట్టంతో పని.

కలువలు బాగా కమ్ముకున్న చోట ఒక్క దుంప తీసుకోండి. నాలుగే మొక్కలున్న కుంటలో చెయ్యి పెట్టొద్దు, ఇంకో కుంట చూసుకోండి.

చెరువుకు పోయేటప్పుడు:

- ఒంటరిగా పోవద్దు. ఒకరు గట్టు మీద ఉండాలి.
- చేతిలో పొడవాటి కర్ర. అడుగు వేసే ముందు లోతు చూడండి. మట్టి తీసిన గుంటలు పైకి కనిపించవు, అక్కడే మనుషులు మునిగిపోతారు.
- ఆకుల మధ్య నీరుకట్టె పాములుంటాయి. విషం లేదు గానీ కరుస్తాయి. పైగా అక్కడ తిరిగే ప్రతి పామూ నీరుకట్టే అని ఎవరూ రాసివ్వలేదు, కర్రతో నీళ్లు కొట్టుకుంటూ దిగండి.
- జలగలకు ఉప్పు పొట్లం.
- తడిపిన గోనెసంచి, దుంప పెట్టుకోవడానికి.

## 7. దుంప తీసే పద్ధతి

మొదటిసారి నేను కాడ పట్టుకుని లాగాను. కాడ చేతికొచ్చింది, దుంప మట్టిలోనే ఉండిపోయింది. గట్టు మీద నిలబడి చూస్తున్న నీరుగంటి (చెరువు నీళ్లు పొలాలకు వదిలే మనిషి) పెద్దాయన, "లాగితే కాడలే వస్తాయబ్బయా, దాని వెంబడే చెయ్యి పోనిచ్చి కిందినుంచి మట్టితో సహా ఎత్తు" అన్నాడు. పద్ధతి అదే, దానికి నేను కలిపేది ఏమీ లేదు.

కాడ వెంబడి చెయ్యి కిందికి పోనివ్వండి. కాడలన్నీ ఒక చోట కలుస్తాయి, అదే మొవ్వు. దాని కింద చిన్న ఉర్లగడ్డంత గట్టి ముద్ద తగులుతుంది, చుట్టూ మెత్తటి వేర్లు. మొవ్వును వేళ్లతో నలపకుండా, రెండు చేతులూ దుంప కిందికి పోనిచ్చి మట్టితో సహా పైకి ఎత్తండి.

పైకి తీశాక నొక్కి చూడండి. గట్టిగా ఉంటే బతికున్నట్టు. వేలు దిగబడి వాసన వస్తే కుళ్లినట్టు, దాన్ని అక్కడే వదిలేయండి.

విరిగిపోయిన కాడలను పారేయకండి. చిన్నప్పుడు చేసినట్టు అంగుళం అంగుళానికి అటొకసారి ఇటొకసారి విరుస్తూ, ఒకవైపు తోలు మాత్రం ఉంచి లాగితే దండ అవుతుంది, పువ్వే దానికి పతకం. పిల్లల్ని తీసుకెళ్లి ఉంటే ఇంటికి వచ్చేదాకా వాళ్లకు ఇదే పని.

బండి మీద తెచ్చేటప్పుడు దుంపను తడి గోనెలో చుట్టి, నీడలో ఉంచండి. గంట సేపు ఎండ తగిలినా వేర్లు వాడిపోతాయి.

## 8. నాటే వరస

1. దుంపను మంచినీళ్లలో కడిగి, అంటుకున్న నత్తలు, జిగురులాంటి నత్తగుడ్లు తీసేయండి.
2. పర్మాంగనేట్ కలిపిన లేత గులాబీ రంగు నీళ్లలో 10 నిమిషాలు ఉంచి, మళ్లీ కడగండి. రంగు ముదిరితే వేర్లు కాలతాయి, లేతగానే ఉండాలి.
3. పెద్ద ఆకులన్నీ కత్తిరించేయండి. మొవ్వులో ఉన్న రెండు మూడు లేత ఆకులు మాత్రం ఉంచండి. ఇక్కడ అందరికీ మనసొప్పదు. కానీ వేర్లు తెగిన దుంప అంత పెద్ద ఆకుల్ని మోయలేదు, అవి ఎలాగూ కుళ్లుతాయి.
4. బేసిన్లో ఆరంగుళాల మందం మట్టి వేసి, తడిపి, చేత్తో నొక్కి గాలి బుడగలు తీయండి.
5. మధ్యలో గుంట చేసి దుంపను పెట్టి మట్టి కప్పండి. మొవ్వు మాత్రం మట్టి పైకి కనిపించాలి. మొవ్వు పూడితే కుళ్లు ఖాయం.
6. పైన అరంగుళం ఇసుక పరచండి, మొవ్వు మీద పడకుండా. ఇది లేకపోతే చేపలు మట్టి కెలికి నీళ్లు ఎప్పుడూ బురదగానే ఉంటాయి.
7. దుంప పైకి తేలేలా ఉంటే పక్కన ఒక గులకరాయి ఆనించండి.
8. తొట్టిలో ఇటుకలు పేర్చి, వాటి మీద బేసిన్ పెట్టి, మొవ్వు మీద 3 అంగుళాల నీళ్లు మాత్రమే నిలిచేలా నింపండి. నీళ్లు పైనుంచి కుమ్మరించకండి, ఒక పళ్లెం పెట్టి దాని మీద పోయండి.

చెరువులో నాలుగడుగుల లోతులో ఉన్న దుంపే కదా, ఒకేసారి అడుగుకు దించితే ఏమవుతుంది అని అడుగుతారు. అక్కడ దానికి పొడవాటి కాడలున్నాయి, మనం వాటిని కత్తిరించేశాం. మళ్లీ ఆకు పైకి తేలేదాకా దానికి వెలుతురు దగ్గరలో ఉండాలి.

## 9. మొదటి రెండు నెలలు

మొదటి 2 వారాలు: ఏమీ కనిపించదు. ముట్టుకోవద్దు. పైకి తీసి చూడొద్దు.

3, 4 వారాలు: పల్చటి, ఎర్రటి ఛాయ ఉన్న ఆకులు నీళ్ల లోపలే విచ్చుకుంటాయి. "ఆకులొచ్చాయి గానీ పైకి రావడం లేదు" అని అప్పుడే కంగారుపడతారు. మొదట వచ్చేవి నీటి లోపలి ఆకులే, తేలే ఆకులు ఆ తర్వాత వస్తాయి.

తేలే ఆకులు రెండు వచ్చాక: ఇటుక ఒకటి తీసేయండి. వారం ఆగి కాడలు సాగాక ఇంకొకటి. మట్టి మీద 8 నుంచి 10 అంగుళాల నీళ్లు నిలిచేదాకా ఇలా దించుకుంటూ పోవాలి.

మొగ్గ: నేను ఫిబ్రవరి చివర్లో నాటితే మే రెండో వారంలో వచ్చింది. మీకు అటూ ఇటూ కావచ్చు.

పువ్వు ఒక్కొక్కటి మూడు నాలుగు రాత్రులు విచ్చుతుంది. మొదటి రాత్రి టార్చి వేసి నడిమధ్యలోకి చూడండి, చిన్న గిన్నెలో తేటగా నీరు నిలిచి ఉంటుంది. వాన నీరు కాదు, పువ్వే ఊరిస్తుంది. ఒక్కోసారి అందులో ఒక చిన్న పురుగు పడి ఉంటుంది. రెండో రాత్రికి ఆ నీరుండదు, కేసరాలు మీదికి వంగి పుప్పొడి రాలుస్తుంటాయి.

## 10. ఎరువు

నాటిన 45 రోజుల దాకా ఏమీ వద్దు. తర్వాత నెలకోసారి ఒక టీస్పూను డీఏపీని పాత పేపరులో చిన్న పొట్లం కట్టి, మొవ్వుకు నాలుగంగుళాల దూరంలో, మట్టిలోకి వేలు పూర్తిగా దిగేంత లోతున నొక్కండి. నీళ్లలో చల్లితే తినేది పాచి, కలువ కాదు. యూరియా వద్దు, చేపలు చచ్చిపోతాయి. నవంబరు నుంచి జనవరి దాకా పొట్లాలు ఆపేయండి.

## 11. దోమలు, పురుగులు

తొట్టి పెట్టిన మర్నాటి నుంచి ఇంట్లోవాళ్ల గొడవ దోమల గురించే, అది న్యాయమే. డెంగీ దోమ నిలవున్న మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుంది. అక్వేరియం షాపులో ఎనిమిది, పది గప్పీలు తెచ్చి వదలండి. రెండు వారాల్లో ఒక్క దోమపిల్ల మిగలదు. మేత వెయ్యకండి, కడుపు నిండితే దోమపిల్లల వంక చూడవు. కొంగ అలవాటు పడితే చేపలు రోజురోజుకూ తగ్గుతాయి, తొట్టి మీద రెండు తాళ్లు అడ్డంగా కట్టండి.

పేనుబంక ఆకు మీద గుంపుగా చేరితే చేత్తో ఆకును నీళ్లలో ముంచి ఊపండి, చేపలు తినేస్తాయి. ఆకు ముక్కలు కత్తిరించి రెంటి మధ్య దాక్కునే గొంగళి ఒకటుంటుంది. తేలుతున్న చిన్న ఆకు ముక్కల్ని ఏరి తీసేస్తే అదీ పోతుంది. మందులు కొట్టొద్దు, నా రెండు చేపల సంగతి పైన చెప్పాను.

## 12. రోహిణి కార్తె, తుఫాను, చలి

మే రెండో వారం నుంచి మధ్యాహ్నం పూట షేడ్‌నెట్ వెయ్యండి, 50 శాతం నీడది చాలు. జూన్ వానలు పడి చల్లబడ్డాక తీసేయండి, మరచిపోతే పూలు ఆగుతాయి. తగ్గిన నీళ్లు సాయంత్రం పూట నింపండి. మిట్టమధ్యాహ్నం ట్యాంకు గొట్టంలోంచి వచ్చే నీళ్లతో చెయ్యి కాలుతుంది, ఆ నీళ్లు కలువకు పోస్తారా?

తుఫాను హెచ్చరిక వస్తే పొర్లుదారికి ఆకులు అడ్డం పడ్డాయేమో చూసుకోండి. అంతకుమించి చెయ్యాల్సింది లేదు, కలువకు వాన కొత్త కాదు.

డిసెంబరు, జనవరిలో ఆకులు చిన్నవైపోతాయి, పూత తగ్గుతుంది. చచ్చిపోతోందని ఎరువు వెయ్యొద్దు. ఫిబ్రవరిలో దానంతట అదే లేస్తుంది.

## 13. ఏది కనిపిస్తే ఏం చెయ్యాలి

- పాత ఆకు పసుపు తిరిగింది: సహజం. కాడను వీలైనంత కింద కత్తిరించి తీసేయండి, నీళ్లలో కుళ్లనివ్వకండి.
- లేత ఆకులే పసుపుగా వస్తున్నాయి: ఆకలి. ఒక డీఏపీ పొట్లం.
- ఆకు అంచులు కాలినట్టున్నాయి, తొట్టికి తెల్ల గీత: ఉప్పు. సగం నీళ్లు తోడి వాన నీళ్లో, మంచినీళ్లో పోయండి.
- ఆకులు ఒకదాన్నొకటి తోసుకుంటూ నీటి పైకి లేస్తున్నాయి: బేసిన్ ఇరుకైంది. ఫిబ్రవరిలో విడదీయండి.
- ఆకులు నిండుగా, పువ్వు లేదు: ఎండ చాలడం లేదు. తొట్టి జరపండి, ఎరువు పెంచొద్దు.
- నీళ్లు పచ్చగా ఉన్నాయి: ఆకులు నీటి మీద సగానికి పైగా కమ్మితే తగ్గుతుంది. అప్పటిదాకా ఓపిక పట్టండి. తొందరపడి గుర్రపుడెక్క, అంతరతామర తెచ్చి వెయ్యకండి, నెల తిరక్కుండా తొట్టి మొత్తం వాటిదే.
- మొవ్వు మెత్తబడి వాసన: దుంప తీసి, మెత్తటి భాగం కోసేసి, గట్టి ముక్క మిగిలితే ఇసుకలో, 2 అంగుళాల నీళ్లలో పెట్టి చూడండి. నాకు నాలుగింటిలో ఒకటి లేచింది.
- మొగ్గలు మాయం: మొక్క తప్పు కాదు. కోతులు.

## 14. పిలకలు, గింజలు

రెండో ఫిబ్రవరికి బేసిన్ పైకి తీసి తిరగేస్తే పెద్ద దుంప చుట్టూ పిల్ల దుంపలుంటాయి. వేలితో విడదీస్తే వచ్చేస్తాయి. ఒక్కటి మాత్రం కొత్త మట్టిలో పెట్టి, మిగతావి అడిగినవాళ్లకు ఇవ్వండి. గప్పీలున్న తొట్టి నీళ్లను, నర్సరీ హైబ్రిడ్ల పిలకలను మాత్రం ఊరి చెరువులో కలపొద్దు.

గింజలు కావాలంటే పువ్వు ముడుచుకుని నీళ్లలోకి వంగాక, కాయ కడుతుంటే దానికి పల్చటి పాత చీర ముక్క వదులుగా కట్టండి. కాయ నీళ్లలోనే పగులుతుంది. గుడ్డ లేకపోతే గింజలు కొద్దిసేపు పైన తేలి, ఆ తర్వాత మునిగి, చేపల పాలో మట్టి పాలో అవుతాయి. గసగసాల కంటే కాస్త పెద్దవిగా ఉంటాయి, చుట్టూ జిగురు. వాటిని ఎండబెట్టకుండా, వెడల్పాటి గిన్నెలో మట్టి మీద చల్లి, అంగుళం నీళ్లు నిలిపి, ఎండ తగిలేచోట పెట్టండి. మొదటి ఆకులు గడ్డిపోచల్లా ఉంటాయి, కలుపు అనుకుని పీకేయకండి. నేను ఒక గిన్నె అలాగే పీకేశాను. రెండో గిన్నెలోవి ఇప్పుడు మూడేసి ఆకులతో ఉన్నాయి, నీళ్ల పైకి ఇంకా ఒక్కటీ తేలలేదు.